వలి మేస్త్రి విప్పిన పిడులు

మొన్న ఆదివారం ప్రత్తిపాడులో మా ఇంటి వెనక వీధిలో ఒంగోలు ఎద్దుకు కొమ్ములు చెక్కుతున్నారు. వచ్చే వారం బండలాగుడు పందెం ఉందట, దాన్ని పెళ్ళికొడుకులా ముస్తాబు చేస్తున్నారు. నలుగురు ఎద్దును కదలకుండా పట్టుకుంటే ఒకతను గాజుపెంకుతో కొమ్మును పైనుంచి కిందికి గీకుతున్నాడు. సన్నటి పొట్టు రాలుతోంది. కాలిన వెంట్రుకల వాసన లాంటిది గుప్పున ముక్కుకు తగిలింది. చేతిలో పాలప్యాకెట్టుతో అక్కడే నిలబడిపోయాను. పక్కింటాయన "ఏంది పంతులుగారూ, మీగ్గూడా పందెం ఎడ్ల మీద మోజు పుట్టిందా?" అని నవ్వాడు. ఎడ్ల సంగతి నాకేం తెలుసు! కానీ ఆ వాసనలో ఎనిమిదేళ్ళు బతికాను. అద్దంకి బస్టాండు వెనక సందులో, గేదె కొమ్ములూ తుప్పు పట్టిన మంగలి కత్తులూ ముందేసుకుని కూర్చునే వలి మేస్త్రి ఆ పొట్టులోంచి లేచి నా ఎదురుగా నిలబడ్డాడు. ఆయన గుర్తొస్తే ఈనాటికీ నాకు ముందు కోపమే వస్తుంది. ఆ కోపం ఎందుకో చెప్పాలంటే ఆయన గురించి మొత్తం చెప్పాలి.

ఇప్పుడు ఏ సెలూనుకు వెళ్ళినా బ్లేడు సగానికి విరిచి పెట్టి గీస్తారు, అయ్యాక పారేస్తారు. అంతకుముందు మడిచే కత్తి ఉండేది. బెత్తెడు ఉక్కు, దానికి రెండు కొమ్ము బద్దలతో చేసిన పిడి. కత్తిని మడిస్తే అంచు ఆ బద్దల మధ్య సందులోకి వెళ్ళి దాక్కుంటుంది. ఏ జర్మనీలోనో ఇంగ్లండులోనో తయారై, మూడు తరాల గడ్డాలు గీసి, చివరికి అటక మీద తుప్పు పట్టి పడి ఉన్న అలాంటి కత్తిని మళ్ళీ చెంపకు ఆనించగలిగేలా చేయడం వలి మేస్త్రి పని. ఒకప్పుడు చుట్టుపక్కల ఊళ్ళ క్షురకులంతా ఆయన దగ్గరకే వచ్చేవారట. నేను చేరేనాటికి వాళ్ళు దాదాపు మానేశారు. హైదరాబాదు నుంచీ బెంగుళూరు నుంచీ పాత వస్తువుల పిచ్చి ఉన్నవాళ్ళు కొరియర్లో పంపేవారు. ఫోన్లో వాళ్ళ ఫొటోలు చూస్తే సగం మందికి గుబురు గడ్డాలే. కత్తి దేనికో ఆ దేవుడికే తెలియాలి.

నేను ఆయన దగ్గరకు శిష్యుణ్ణవుదామని వెళ్ళలేదు. అప్పటికి నాకు ఇరవై తొమ్మిదేళ్ళు. డీఎస్సీ మూడుసార్లు రాసి మూడుసార్లూ తప్పి, అద్దంకిలో ఒక ప్రైవేటు బళ్ళో సోషల్ చెబుతూ, గది అద్దెకు తీసుకుని ఉంటున్నాను. మా నాన్న ప్రత్తిపాడులో గుడి పూజారి. మా ఇంటిల్లిపాదికీ క్షవరం చేసే కోటయ్య, ఒకసారి నేను ఊరి నుంచి బస్సెక్కుతుంటే పరుగున వచ్చి పాత గుడ్డలో చుట్టిన కత్తి చేతిలో పెట్టాడు. "బాబుగారూ, పిడి పగిలిందండీ. వలి మేస్త్రికియ్యండి. ఆయన లేకపోతే వెనక్కి తెచ్చెయ్యండి, ఇంకోళ్ళకి మాత్రం ఇవ్వమాకండి" అన్నాడు. అంత గట్టిగా చెప్పించుకునే మనిషి ఎలా ఉంటాడో చూద్దామని ఆ సాయంత్రమే సందు వెతుక్కుంటూ వెళ్ళాను.

అరవై దాటిన మనిషి. చేతుల బనియను, గళ్ళ లుంగీ, సీసా అడుగులాంటి కళ్ళద్దాలు. నేను చెప్పింది విన్నాడో లేదో తెలియదు. కత్తిని చెవి దగ్గర పెట్టుకుని తెరిచాడు, మూశాడు, మళ్ళీ తెరిచాడు.

"వినబడిందా?" అన్నాడు.

"ఏమిటండీ?"

"మూసేటప్పుడు కత్తి పిడిని ఒరుసుకుని రాస్తంది. కోటయ్య పిడి పగిలిందంటన్నాడు గానీ, పగలకముందు నుంచే రాస్తంది. బయట ఎవురి గడ్డమూ చెయ్యని చెరుపు దానింట్లోనే దానికి జరుగుతంది." అప్పుడు నా వైపు చూశాడు. "తమరేం చేస్తంటారు?"

బళ్ళో పాఠాలు చెబుతానన్నాను. "అయితే కూకోండి పంతులుగారూ, టీ తాగి పోదురుగాని" అన్నాడు. టీ వచ్చింది, తాగాను. పోలేదు. చీకటి పడి ఆయన కొట్టు కట్టేసేదాకా ఆ చేతుల్ని చూస్తూ కూర్చున్నాను. నా జీవితంలో ఒక పని అంత శుభ్రంగా జరగడం అంతకుముందు ఎక్కడా చూడలేదు. మా బళ్ళో అయితే అసలు చూడలేదు.

ఆ ఏడాది మధ్యలోనే బడి మూతపడింది. ఇంకో బడి వెతుక్కోవలసినవాణ్ణి ఆ సందులో కూర్చోవడం మొదలుపెట్టాను. పది రోజులు చూసి ఆయన "ఊరికే చూస్తా కూకునే బదులు ఆ రాయి తిప్పు పంతులూ" అన్నాడు. అలా 'గారు' పోయింది, పని వచ్చింది. నూరుడు రాయి వాడగా వాడగా మధ్యలో గుంట పడుతుంది. దాన్ని చదును చేయడానికి చీమకుర్తి నుంచి ఎవరో లారీ డ్రైవరు తెచ్చిపెట్టిన నున్నటి గ్రానైటు ముక్క ఉండేది. దాని మీద నీళ్ళు పోసి, గరుకు పొడి చల్లి, రాయిని బోర్లించి గంటల తరబడి తిప్పాలి. ఆర్నెల్లు అదే పని. తర్వాత కత్తి నూరడం నేర్పాడు, తోలు పట్టా మీద అంచు తీయడం నేర్పాడు. అందులో మాత్రం నా చెయ్యి కుదిరింది. రాయి మీద కత్తి ఎక్కడ ఆనుతోందో నా వేలికి తెలిసిపోయేది. ఆయన ఒకసారి నేను నూరిన కత్తితో తన ముంజేతి మీద వెంట్రుకలు గీసుకుని, ఆ చేతిని టీకొట్టు సుబ్బమ్మకు చూపించాడు. "ఇది పంతులు పని" అన్నాడు. నాకు కళ్ళు చెమర్చాయి.

మా ఇంట్లో మాత్రం అది చావుకబురే అయింది. పూజారి కొడుకు గేదె కొమ్ములు కోసి, మంగలి కత్తులకు పిడులు వేస్తున్నాడన్న మాట ఊరంతా తిరిగి మా నాన్న చెవిలో పడింది. సెలవుకు వెళ్ళినప్పుడు ఆయన వీధి అరుగు మీదే ఆపేశాడు. "బావి దగ్గర స్నానం చేసి రా. ఆ చేతులతో గర్భగుడిలోకి మాత్రం రాకు. గంట మీ తమ్ముడు పట్టుకుంటాడు" అన్నాడు. ఆయన కేకలేస్తే నేనూ కేకలేసి ఉండేవాణ్ణి, కానీ మామూలుగా, సంకల్పం చెప్పినంత నిదానంగా చెప్పాడు. అమ్మ నాకు వేరే కంచం పెట్టింది, పెట్టి పక్కకు తిరిగి ఏడ్చింది. నేను తలవంచుకుని తిన్నాను గానీ లోపల మాత్రం ధీమాగానే ఉన్నాను. ఈ జిల్లాల్లో ఇంకొకడికి చేతకాని పని నాకు వస్తోంది కదా, అది చాలు అనుకున్నాను. ఆ ఒక్క ఆలోచన మీద ఎనిమిదేళ్ళు నడిచాను.

మూడో ఏడు పిడులు చేయడానికి కూర్చోబెట్టాడు. కొమ్మును వేణ్ణీళ్ళలో నానబెట్టి, మెత్తబడ్డాక బరువుల కింద అణిచి, ఒక ఎండాకాలం ఒక వానాకాలం అలాగే వదిలేయాలి. ఆ తర్వాత కోసి రెండు బద్దలు తీసి, పైకొసన కత్తిని, కింది కొసన రెండు బద్దల మధ్యా చిన్న ముక్కను పెట్టి ఇత్తడి మేకులతో బిగించాలి. ఆ అడుగు ముక్క గోరంతే ఉంటుంది. పిడి బతుకంతా దాని మీదే ఆధారపడుతుందని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. బిగించేముందు బద్ద లోపలి వైపు చేసినవాడి గుర్తు గీయడం ఆయన పద్ధతి. ఎప్పుడో ఎవడో విప్పినప్పుడు ఇది ఫలానావాడి చెయ్యి అని తెలియాలట. ఆయన గుర్తు ఒక గీత. "నువ్వు రెండు గియ్యి" అన్నాడు. మొదటి పిడికి రెండు గీతలు గీశాను. పూర్తయ్యాక ఆయన తీసుకుని తెరిచి మూశాడు, చెవి దగ్గర పెట్టుకున్నాడు, అటూ ఇటూ తిప్పి చూశాడు.

"సరే. అట్టా పెట్టు పంతులూ" అన్నాడు.

అంతే. తప్పనలేదు, ఒప్పనలేదు. తర్వాత ఐదేళ్ళలో నేను చేసిన ప్రతి పిడికీ ఆయన అన్నది ఆ మాటే. మా బళ్ళో హెడ్మాస్టరు అయినదానికీ కానిదానికీ అరిచేవాడు. ఈయన పల్లెత్తు మాట అనేవాడు కాదు. నా గురువు ఎంత పెద్దమనసున్నవాడో అని కనబడ్డవాళ్ళందరికీ చెప్పుకుని తిరిగాను. పాత పిడులు విప్పే పని మాత్రం నాకు ఎప్పుడూ ఇవ్వలేదు. "అది నాకొదిలెయ్, పాత మేకులు మొండివి" అనేవాడు. శుక్రవారం నాకు సెలవు. ఆయన నమాజుకు వెళతాడు కదా, కొట్టు మూస్తాడు కదా అనుకునేవాణ్ణి. ఇప్పుడు ఇవన్నీ వరసగా రాస్తుంటే, ఇంత కనబడుతున్నా తెలుసుకోలేనివాడు పిల్లలకు పాఠాలు ఎలా చెప్పాడా అని నా మీద నాకే నవ్వొస్తోంది.

ఎనిమిదో ఏడు ఆయనకు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. కొట్టు ఎత్తేశారు. అంతకు ముందే మా నాన్న పోయాడు. నేను ప్రత్తిపాడు వచ్చి ఇంటి వెనక గదిలో పని పెట్టుకున్నాను. వలి మేస్త్రి శిష్యుడనగానే కత్తులు వచ్చాయి. చేసి పంపాను. ఎండాకాలం దాటేసరికి ఒకటి తిరిగి వచ్చింది. అంచు మీద గండ్లు. వాడకం తెలియని మనిషి అనుకున్నాను. తర్వాత ఇంకొకటి. దీపావళి నాటికి నాలుగు. ఆ నాలుగో కత్తిని చెవి దగ్గర పెట్టుకుని మూశాను. రాస్తోంది. ఎనిమిదేళ్ళలో ఒక్క పిడి తిరిగి రాలేదు, ఇప్పుడేమిటి ఈ ఖర్మ అని కొమ్ముల మీద నెపం పెట్టాను, ఎండల మీద పెట్టాను.

సరిగ్గా అప్పుడే చీరాల నుంచి ఒక రిటైర్డ్ స్టేషన్ మాస్టరుగారు వచ్చారు. ఆయన కత్తి బాత్రూములో జారిపడి పిడి ఒక పక్క చీలింది. చూడగానే గుర్తుపట్టాను. నల్లటి కొమ్ములో తెల్లటి చార ఒకటి, పాపిడి తీసినట్టు ఉంటుంది. ఆ చార కోసం నాలుగు కొమ్ములు వెతికి, నాలుగేళ్ళ కిందట నేను నా చేతులతో చేసిన పిడి. "ఇది నా పనేనండీ" అని ఆయనకు గర్వంగా చెప్పాను. "అద్భుతంగా ఉందండీ, వెన్నలా మూసుకుంటుంది" అన్నారాయన. ఆయన్ను పంపించి, మేకులు కొట్టి పిడి విప్పాను. బద్ద లోపల రెండు గీతలు ఉండాలి. అక్కడ గీకి నున్నగా చేసిన చోటు ఉంది, దాని మీద ఒక్కటే గీత. అడుగు ముక్క నాది కాదు. నేను అన్ని వైపులా ఒకే మందంగా, ముచ్చటగా కోసేవాణ్ణి. ఇది ఒక కొస నుంచి రెండో కొసకు వాలుగా ఉంది. కంటికి ఆనదు, వేలికి మాత్రం తెలుస్తుంది. ఆ వాలు ఉంటేనే ఎండకు కొమ్ము కాస్త వంగినా బద్దలు కత్తిని తాకవు. లేకపోతే ఒక్క ఎండాకాలంలో అంచును తినేస్తాయి.

ఒక్కటి చూసి నమ్మలేకపోయాను. తెలిసినవాళ్ళను అడిగి, ఉచితంగా శుభ్రం చేసిస్తానని చెప్పి, ఆ ఐదేళ్ళలో నేను చేసిన పిడులు ఇంకో ఆరు తెప్పించాను. ఆరూ విప్పాను. ఆరింటిలోనూ ఒక్క గీతే. అద్దంకి వెళ్ళి టీకొట్టు సుబ్బమ్మను అడిగాను, శుక్రవారాలు మేస్త్రి ఏం చేసేవాడని. "నమాజు చేసుకొచ్చి, తలుపేసుకుని పనిలో కూకునేవాడు గదా. ఎన్నేళ్ళ నుంచో అంతేగా, నీకు తెలవకపోవడమేంది పంతులూ?" అని ఆమె నన్ను ఎగాదిగా చూసింది. నా పేరు మీద నడిచిన పనిలో నాది ఒక్క పిడి కూడా లేదు. ఇల్లొదిలి, నాన్న చేత అరుగు మీద నిలబెట్టించుకుని సంపాదించుకున్నది ఇది.

అటునుంచి అటే ఆయన ఇంటికి వెళ్ళాను. వసారాలో నవారు మంచం మీద గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. కుడిచెయ్యి ఒళ్ళో ఉంది. ఆయన భార్య బీబమ్మగారు నన్ను చూసి సంతోషంగా కుర్చీ వేసి, టీ పెడతానని లోపలికి వెళ్ళింది. నేను కూర్చోలేదు.

"నేను చేసిన పిడులన్నీ విప్పారా మేస్త్రీ?"

ఆయన ఆశ్చర్యపోలేదు. "విప్పా."

"అన్నీనా?"

"మొదట్లో రెండు వదిలేశా. తిరిగొచ్చినయ్. నీకు చెప్పకుండా బాగుచేసి పంపిచ్చా. ఆ తర్వాత ఏదీ వదల్లా."

"ఒక్క మాట చెబితే మీ సొమ్మేం పోయేది?"

నోరు కాస్త పక్కకు లాగడం వల్ల మాట నిదానంగా వచ్చింది. "నీకు ముందు ఇద్దరికి నేర్పా పంతులూ. వాలు కుదిరిందో లేదో, ఒకడు గుంటూరు పొయ్యాడు, ఇంకోడు ఒంగోలు పొయ్యాడు. మళ్ళీ ఈ సందు మొహం చూడలా. నాకప్పటికే కళ్ళు మసకలు. రాయి మీద నీ చెయ్యి నా చేతికన్నా మంచిది. నువ్వు గూడా పోతే నేను కొట్టు కట్టేసుకోవాల. అందుకని చెప్పలా."

సిగ్గుపడి చెప్పినా, ఏడ్చి చెప్పినా కొంత కోపం దిగేదేమో. ఊళ్ళో కరెంటు పోయిందని చెప్పినట్టు చెప్పాడు. "మా నాన్న చచ్చేదాకా నన్ను గుళ్ళోకి రానివ్వలేదు. ఈ పని నాకు వచ్చనుకునే ఓర్చుకున్నాను" అన్నాను. ఆయన ఎడమచెయ్యి చాపి మంచం పట్టె మీద తట్టాడు.

"ఇట్రా, కూకో. ఆ కిటికీలో సబ్బుముక్క ఉంది, చాకు తెచ్చుకో. వాలు ఎట్టా తియ్యాలో నేను చెప్తా, నువ్వు ఆ సబ్బు మీద కొయ్యి. ఒక్క పూట పని."

"ఇప్పుడా?" అన్నాను.

"ఇప్పుడే. రా పంతులూ."

ఆయన అంతగా బతిమాలడం ఎనిమిదేళ్ళలో అదే మొదటిసారి. నాకది కనబడింది కూడా. కనబడ్డందుకే ఇంకా మొండికెత్తాను. నాకు ఆయన అవసరం ఉన్నన్నాళ్ళూ దాచుకుని, తన చెయ్యి పడిపోయాక దానం చేస్తున్నాడని ఒళ్ళు మండింది. మెట్లు దిగాను. బీబమ్మగారు టీ గ్లాసుతో వచ్చి "ఏందయ్యా, అప్పుడే పోతన్నావా?" అంటున్నా ఆగలేదు. నెలన్నర తర్వాత ఆయన కోడలు ఫోన్ చేసింది. వెళ్ళాను, నలుగురితో పాటు పిడికెడు మట్టి వేశాను. అందరూ నన్ను ఓదార్చారు, శిష్యుణ్ణని.

ఒక్క పూటలో అయ్యే పాఠం నాకు రెండేళ్ళు పట్టింది. నా ముక్కలు తీసేసి ఆయన పెట్టిన ముక్కలకు, కత్తులు తిప్పి పంపేముందే అచ్చులు తీసిపెట్టుకున్నాను, వాటినే కొలుచుకుంటూ, వేలితో తడుముకుంటూ, చెడగొట్టుకుంటూ నేర్చుకున్నాను. ఎన్ని కొమ్ములు తగలేశానో లెక్కలేదు. ఇప్పుడు నా పిడులు తిరిగి రావడం లేదు. ఎవరైనా బాగుందంటే మాత్రం ఈనాటికీ నమ్మలేను. ఆ ముక్క సరిగ్గానే పెట్టానా అని, కొరియరువాడు వచ్చేలోపు బిగించిన పిడిని మళ్ళీ విప్పి చూసుకున్న రోజులున్నాయి. ఆయన మీద కోపం పోలేదు. ఆ మెట్ల మీంచి వెనక్కి తిరగనందుకు నా మీద కోపం అంతకన్నా ఎక్కువ.

రెండేళ్ళుగా నా కుడి బొటనవేలు సరిగా వంగడం లేదు. డాక్టరు పని తగ్గించమన్నాడు. కోటయ్య కొడుకు అంజయ్య, నా ఈడువాడే, సెలూను సరిగా నడవక పోయినేడు నా దగ్గర చేరాడు. మంచి చెయ్యి, ఓర్పు ఉంది. ఇప్పుడు సగం పని అతని మీదే నడుస్తోంది. పోయిన వారం మొదటి పిడి చేసి, దాన్ని రెండు చేతుల్లో పెట్టుకుని పసిబిడ్డను చూపించినట్టు చూపించాడు. పట్టుకోగానే నా వేలికి తెలిసింది, అడుగు ముక్కలో వాలు లేదు. అతని మొహం చూశాను. తప్పంటే చిన్నబుచ్చుకుంటాడు, అభిమానం ఉన్న మనిషి. మొత్తం నేర్పితే గుంటూరులో అతని బావమరిది కొట్టు పెట్టిస్తానంటున్నాడు, నాకు తెలుసు. అతను వెళితే ఈ వేలితో నేను ఎన్నాళ్ళు చేస్తాను?

"సరే అంజయ్యా, అట్టా పెట్టు" అన్నాను.

అతను సంబరంగా ఇంటికి వెళ్ళాడు. నేను లేచి గది తలుపు వేసి, సుత్తి తీసుకుని, మేకు తల మీద ఆనించాను. ఆ మాట నా నోటి నుంచి ఎంత తేలిగ్గా వచ్చిందో అప్పుడు తెలిసింది. గొంతు కూడా మేస్త్రిదే. సుత్తి కింద పెట్టి ఫోన్ చేశాను.

"అంజయ్యా, నీ పిడి తప్పు. ఒక్క ఎండాకాలానికి కత్తి పాడైపోతుంది. పొద్దున వచ్చి నువ్వే విప్పు. ఎందుకు తప్పో చూపిస్తాను, దాచకుండా మొత్తం చూపిస్తాను."

"మరి ఇందాక సరేనన్నారు గదండీ" అన్నాడు. తప్పు నాదేనన్నాను. ఫోన్ పెట్టేశాడు. ఇవాళ్టికి ఐదు రోజులు. ఆ పిడి బల్ల మీద అలాగే ఉంది. నేను విప్పలేదు. అంజయ్య ఇంకా రాలేదు.